పాలు, గ్లూటెన్, చక్కెర లేకుండా కడుపు నిండా తినడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఈ మూడూ మానేయాలనుకున్న మొదటి వారం, వంటింట్లోంచి ఏవేవి తీసేయాలో చూసుకున్నాను గానీ వాటి చోట ఏం పెట్టాలో ఆలోచించలేదు. మిగిలింది అన్నం, ఉడకబెట్టిన కూరగాయలు, ఉప్పు. మూడు రోజులు అదే తిండి. పొద్దున తిన్నది పదకొండింటికల్లా ఆవిరైపోయేది. నాలుగో రోజు రాత్రి ‘గ్లూటెన్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి, కూర్చున్న చోటే ఖాళీ చేసి, అప్పుడు వెనక్కి తిప్పి చదివాను. బియ్యప్పిండి తర్వాత రెండో పేరు చక్కెర.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. పాలు, గోధుమ, చక్కెర వంటలో ఒక్కొక్కటి నాలుగైదు పనులు చేస్తుంటాయి. నేను వాటిని ఉద్యోగంలోంచి తీసేశాను, వాటి పనులు మాత్రం ఎవరికీ అప్పగించలేదు. కింద రాసిందంతా ఆ అప్పగింత గురించే.

## స్టవ్ వెలిగించే ముందు

గ్లూటెన్ (గోధుమ లాంటి ధాన్యాల్లోని ప్రోటీను) పడటం లేదని అనుమానం ఉంటే, మానేయక ముందే డాక్టరును కలవండి. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బును సీలియాక్ వ్యాధి అంటారు. దాన్ని పట్టుకునే రక్తపరీక్ష, గ్లూటెన్ తింటున్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. నెలల తరబడి మానేసి వెళ్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనపడకపోవచ్చు. అప్పుడు మళ్లీ కొన్ని వారాలు గోధుమ తిని రమ్మంటారు. మానేసి హాయిగా ఉన్నవాళ్లకు అది పెద్ద శిక్ష.

ఈ జబ్బుకూ గోధుమకూ ఉన్న లంకెను పట్టుకున్నది విల్లెమ్ కారెల్ డికే అనే డచ్ పిల్లల వైద్యుడు. ఆయనకు గోధుమ మీద ముందు నుంచే అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని కరువు వచ్చింది. అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్లీ రొట్టె రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన దీని మీదే పరిశోధనా గ్రంథం సమర్పించాడు.

తర్వాత తేల్చుకోవాల్సింది, మీకు ఏది ఎంత కచ్చితంగా వద్దు అన్నది. పాల విషయంలో రెండు వేర్వేరు సమస్యలను జనం ఒకటే అనుకుంటారు. ఒకటి లాక్టోజ్ అరగకపోవడం. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి వయసుతో పాటు దాన్ని అరిగించుకునే శక్తి తగ్గుతుంది. వీళ్లలో చాలామందికి కొంచెం నెయ్యి వల్ల ఇబ్బంది రాదు, లాక్టోజ్ లేని పాలు కూడా పడతాయి. రెండోది పాల అలర్జీ. ఇది కేసీన్, వే అనే ప్రోటీన్లకు శరీరం ఎదురుతిరగడం. వీళ్లకు లాక్టోజ్ లేని పాలు కూడా పాలే, ఒక్క చుక్క కూడా వద్దు. నెయ్యిలో ఆ ప్రోటీను జాడ మిగిలి ఉండొచ్చు కాబట్టి అదీ వద్దు. కోడిగుడ్డు పాల పదార్థం కాదు. దుకాణంలో పాల పక్కనే అమ్ముతారు కాబట్టి కొందరు పొరపాటున అదీ మానేస్తారు. మీరు తినేవాళ్లయితే ఈ వంటలో గుడ్డు పెద్ద ఆసరా.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రోటీన్లు. మైదా, రవ్వ, సేమ్యా, బల్గర్, కుస్‌కుస్, స్పెల్ట్ అన్నీ గోధుమ సంతానమే. బక్‌వీట్ పేరులో వీట్ ఉన్నా దానికీ గోధుమకూ చుట్టరికం లేదు, తినొచ్చు. ఓట్స్‌లో సహజంగా ఈ గ్లూటెన్ ఉండదు గానీ, పొలంలోనూ మిల్లులోనూ గోధుమతో కలుస్తుంటాయి. అందుకే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని పరీక్షించి అమ్మేవే కొనాలి. సీలియాక్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి అవి కూడా పడవు.

ఇక చక్కెర. తేనె, బెల్లం, కొబ్బరి చక్కెర, పండ్ల రసం, సిరప్‌లు అన్నీ చక్కెర కిందికే వస్తాయి. రంగు గోధుమగా ఉన్నంత మాత్రాన శరీరం వేరుగా చూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, ఇలా విడిగా కలిపే చక్కెరలు రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని. ఆ 5 శాతం అంటే మామూలు పెద్ద మనిషికి రోజుకు 25 గ్రాములు, సుమారు ఆరు టీస్పూన్లు. పండును పండుగా తినడం ఈ లెక్కలోకి రాదు. మొత్తానికే వద్దనుకునేవాళ్లూ, పండు వరకు ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. నేను రెండో రకం. ఇక్కడ రాసేది కూడా ఆ పద్ధతిలోనే.

## ప్యాకెట్ వెనక చదవడం

సాధారణంగా పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు వస్తుంది. మొదటి మూడు పేర్లు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మిగతా సగం దొంగ పేర్లు.

పాలు దాక్కునే పేర్లు: వే పౌడర్, కేసీన్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్, బటర్ ఫ్యాట్. ‘నాన్ డైరీ’ అని రాసుకునే కాఫీ క్రీమర్లలో కొన్నింటిలో సోడియం కేసినేట్ ఉంటుంది. అది పాలలోంచి తీసిందే. అలర్జీ ఉన్నవాళ్లు ఆ రెండు మాటలను నమ్మి కొనకూడదు.

గ్లూటెన్ దాక్కునే చోట్లు: మామూలు సోయా సాస్‌ను సోయాతో పాటు గోధుమ వేసి పులియబెడతారు. మాల్ట్ అని ఎక్కడ కనిపించినా అది దాదాపు ఎప్పుడూ బార్లీయే. చిక్కటి సూప్ పొడులు, మాంసం మసాలాలు, సాసేజ్‌లు, పొడి మసాలాల్లో పిండి కలిపే అలవాటు ఉంది. డబ్బా ఇంగువలో చాలాసార్లు గోధుమపిండే ఎక్కువ. ‘గ్లూటెన్ ఫ్రీ’ అనడానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన గీత కిలోకు 20 మిల్లీగ్రాములు. చాలా దేశాల చట్టాలు దాన్నే అనుసరిస్తాయి.

చక్కెరకైతే పేర్లకు లెక్కే లేదు. డెక్స్‌ట్రోజ్, మాల్టోజ్, ఫ్రక్టోజ్ అంటూ చివర ‘ఓజ్’ వచ్చే పేర్లూ, సిరప్ అన్న మాట ఉన్నవన్నీ, పండ్ల రసం కాన్సన్‌ట్రేటూ అదే కుటుంబం. టమాటా సాస్, సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్, డబ్బా చిక్కుడు గింజలు చూడండి. తీపి అనిపించని వాటిలోనే ఇది నిశ్శబ్దంగా ఉంటుంది.

ఇంట్లో మిగతావాళ్లు గోధుమ తింటుంటే, సీలియాక్ ఉన్నవాళ్లకు గిన్నెల సంగతి కూడా ముఖ్యమే. చెక్క పీట, చెక్క గరిట, జల్లెడ, టోస్టర్, ఒకసారి రొట్టెలు వేయించిన నూనె, ఇవి విడిగా ఉండాలి. పిండి జల్లిస్తే గాలిలో లేచిన దుమ్ము పక్కనున్న గిన్నెల్లో పడుతుంది. అలవాటుగా మానేసినవాళ్లకు ఇంత టెన్షన్ అక్కర్లేదు.

## పళ్లెంలో ఏం ఉంటే ఆకలి ఆగుతుంది

1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం ఒక ప్రయోగం చేసింది. 38 రకాల తిండి, ఒక్కోటి 240 కేలరీల చొప్పున పెట్టి, తర్వాత రెండు గంటల పాటు కడుపు ఎంత నిండుగా ఉందో అడిగారు. తెల్ల బ్రెడ్‌కు 100 మార్కులు అనుకుంటే, ఉడకబెట్టిన బంగాళాదుంపకు 323 వచ్చాయి. అన్నిటికంటే అదే ఎక్కువ. వెన్నతో చేసే క్రొయిసాం అనే ఫ్రెంచి బేకరీ రొట్టెకు 47, అన్నిటికంటే తక్కువ. పాలు, గోధుమ, చక్కెర ఏవీ లేని దుంప మొదటి స్థానంలో ఉండటం చూసి నాకు చాలా ఊరట కలిగింది.

ఆ ప్రయోగంలో తేలిందేమిటంటే, ప్రోటీను, పీచు, నీరు ఎక్కువ ఉన్నవి కడుపును నింపాయి, కొవ్వు ఎక్కువున్నవి నింపలేదు. అలాగని నూనె తీసేస్తే తిండి చప్పబడి, తృప్తి లేక మళ్లీ వంటింట్లోకి నడుస్తాం. కాబట్టి నేను పళ్లెం కట్టే వరుస ఇది.

మొదట ప్రోటీను. పూటకు 20 నుంచి 30 గ్రాములు రావాలని చూసుకుంటాను. ఒక కప్పు ఉడికిన పప్పులో సుమారు 18, కోడిగుడ్డులో 6, వంద గ్రాముల వండిన కోడి రొమ్ము ముక్కలో 30 వరకు ఉంటాయి. గట్టి టోఫూ (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) వంద గ్రాములకు 12 నుంచి 15. ముందు ఏ ప్రోటీనో నిర్ణయించుకుని, మిగతా వంట దాని చుట్టూ కట్టాలి. అన్నం నుంచి మొదలుపెడితే ప్రోటీను ఎప్పుడూ చెంచాడు పక్క వంటకంగా మిగిలిపోతుంది. నా మొదటి వారం అలాగే గడిచింది.

తర్వాత కూరగాయలు, పళ్లెంలో సగం. ఆ తర్వాత పిండి పదార్థం: అన్నం, దుంప, మొక్కజొన్న, జొన్న, క్వినోవా, ఏదైనా. చివరగా కొవ్వు, మనిషికి ఒకటి రెండు టేబుల్‌స్పూన్లు, నూనెగానో గింజలుగానో కొబ్బరిగానో. వీటికి పుల్లనిది ఒకటి, కరకరలాడేది ఒకటి తోడవ్వాలి. మెత్తటి వాటి మీద మెత్తటివి పెట్టుకుంటూ పోతే ఎంత తిన్నా తిన్నట్టుండదు.

## చప్పదనం పోగొట్టడం

వెన్న, జున్ను (చీజ్), చిటికెడు చక్కెర మామూలు వంటలో చాలా లోపాలను కప్పిపెడతాయి. అవి లేనప్పుడు వంట పద్ధతే రుచిని తేవాలి. అందులో మొదటిది ఎర్రగా వేయించడం.

ఆహారం మీద బంగారు రంగు వచ్చి ఘుమఘుమలాడటానికి కారణమైన రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ వివరించాడు. ఇది సుమారు 140 డిగ్రీల దగ్గర ఊపందుకుంటుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి, తడి ఉన్నంత సేపూ ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు. అందుకే కడిగిన ముక్కలను గుడ్డతో తుడవండి. మూకుడు బాగా కాలనివ్వండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో వేసి, రెండు మూడు నిమిషాలు గరిట పెట్టకుండా వదిలేయండి. ఈ వదిలేయడం చాలామందికి చేత కాదు, నాకూ మొదట్లో చెయ్యి ఆగేది కాదు. పుట్టగొడుగులు, కాలీఫ్లవర్, టోఫూ, కోడి ముక్కలు అన్నింటికీ ఇదే సూత్రం. చివర్లో గిన్నె అడుగున అంటిన గోధుమరంగు పొరను రెండు చెంచాల నీళ్లు పోసి గీకి కూరలో కలిపేయండి. రుచంతా అందులోనే ఉంటుంది.

ఉల్లిపాయలది వేరే లెక్క. సన్నని మంట మీద 35 నుంచి 45 నిమిషాలు మగ్గితేనే అవి తేనె రంగుకు వచ్చి తీపి తేలుతాయి. ‘పది నిమిషాల్లో’ అని రాసే వంటకాలను నమ్మకండి. వారానికి ఒకసారి కిలో ఉల్లిపాయలు ఇలా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, చిటికెడు చక్కెర వేయాల్సిన చోటల్లా ఒక చెంచా ఇది వేసుకోవచ్చు.

జున్ను ఇచ్చే ఆ నాలుకకు పట్టే రుచికి ఉమామి అని పేరు. 1908లో కికునాయె ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచులోంచి గ్లుటమేట్‌ను వేరుచేసి ఆ పేరు పెట్టాడు. ఎండబెట్టిన పుట్టగొడుగులు, గట్టిపడే దాకా మగ్గించిన టమాటా, గోధుమ కలవని సోయా సాస్, ఇవి ఆ రుచినే తెస్తాయి. ఎండు పుట్టగొడుగులు, టమాటా కలిస్తే విడివిడిగా కంటే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు పారబోయకండి.

ఇంకా ఏదో తక్కువైందనిపిస్తే చాలావరకు అది పులుపే. దించాక అర చెంచా నిమ్మరసం పిండి చూడండి. ఉప్పు వేసే ముందే పులుపు చూడటం నేర్చుకున్నాక నా వంట సగం బాగుపడింది.

## పాలు చేసే పనులు ఎవరికి అప్పగించాలి

పాలు, క్రీము, పెరుగు, జున్ను వంటకు చిక్కదనం ఇస్తాయి, కారాన్ని అణుస్తాయి, కమ్మదనం పూస్తాయి. ఈ మూడు పనులూ ఒకే వస్తువు చేయాలని పట్టుబట్టకండి.

చిక్కదనానికి జీడిపప్పు క్రీము. ఒక కప్పు జీడిపప్పును మరిగే నీళ్లలో 30 నిమిషాలు నానబెట్టి, నీళ్లు వంపేసి, ముప్పావు కప్పు మంచి నీళ్లతో మిక్సీలో నున్నగా తిప్పండి. రెండు నిమిషాలు కాదు, నాలుగైదు నిమిషాలు, మధ్యలో ఆపి గోడలు గీకుతూ. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగలకూడదు. ఇది వేడి చేస్తే ఇంకా చిక్కబడుతుంది, కాబట్టి కూరలో కలిపేటప్పుడు నీళ్లు దగ్గర పెట్టుకోండి. గింజలు పడనివాళ్లు ఉడికించిన తెల్ల చిక్కుడు గింజలను ఇలాగే తిప్పుకోవచ్చు, కమ్మదనం కొంచెం తగ్గినా ప్రోటీను పెరుగుతుంది.

కొబ్బరిపాలు కారాన్ని బాగా అణుస్తాయి. వాటిని గలగలా మరిగిస్తే నూనె వేరుపడి విరిగినట్టు కనిపిస్తుంది. తినడానికి ఇబ్బంది లేదు గానీ చూడటానికి బాగుండదు. పలుచటి పాలతో కూర ఉడికించి, చిక్కటి పాలు చివర్లో పోసి, సన్నని సెగ మీద రెండు నిమిషాలుంచి దించండి. నిమ్మరసం దించాకే.

ఇంకొకటి నువ్వుల ముద్ద, అంటే మెత్తగా నూరిన నువ్వులు (తాహిని). నాలుగు టేబుల్‌స్పూన్ల నువ్వుల ముద్దలో రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, నలిపిన వెల్లుల్లి రెబ్బ, ఉప్పు వేసి కలిపితే అది ఒక్కసారిగా బిగుసుకుని పాడైపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి పారేయకండి. చల్లని నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ కలపండి. నాలుగైదు చెంచాల దగ్గర తెల్లగా, నున్నగా క్రీములా మారుతుంది. పెరుగు పోసుకునే చోటల్లా ఇది పనికొస్తుంది.

దుకాణంలో దొరికే బాదం పాలు, ఓట్ పాలతో చిక్కదనం రాదు. ఎక్కువగా నీళ్లే. వాటిలో చక్కెర కలపనివి చూసి కాఫీకి వాడుకోండి, కూరకు కాదు.

## గ్లూటెన్ పట్టు ఎక్కడి నుంచి తేవాలి

గోధుమపిండిని నీళ్లతో పిసికితే గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు అల్లుకుని సాగే వలలా మారతాయి. ముద్ద సాగడం, రొట్టె పొంగడం, తునగకపోవడం ఆ వల పుణ్యమే. వేరే పిండిలో ఆ వల పుట్టదు, ఎంత పిసికినా చేతులు నొప్పులే మిగులుతాయి. పట్టు ఇంకో దారిలో రావాలి.

మొదటి దారి వేడినీళ్లు. ఒక కప్పు నీళ్లలో ఉప్పు, చెంచా నూనె వేసి మరిగించి, స్టవ్ ఆపి, ఒక కప్పు బియ్యప్పిండి గానీ జొన్నపిండి గానీ పోసి, కలిపి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఆ వేడికి పిండిలోని గంజి ఉబ్బి జిగురవుతుంది. చెయ్యి పట్టేంత వేడిలోనే బాగా పిసికితే పగుళ్లు లేని ముద్ద వస్తుంది. పిండిని బట్టి నీళ్లు ఒకటి రెండు చెంచాలు అటూ ఇటూ అవుతాయి. పలుచటి రొట్టెలకు ఇది చాలు.

రెండో దారి ఇసబ్‌గోల్ పొట్టు. పొంగే బ్రెడ్ లాంటిది కావాలంటే ఇదే. వంద గ్రాముల పిండికి 4 నుంచి 5 గ్రాములు, అంటే సుమారు ఒక టేబుల్‌స్పూను. ముందుగా నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచితే జెల్లీలా గట్టిపడుతుంది, అప్పుడు పిండిలో కలపాలి. బ్రెడ్ పిండి గోధుమ ముద్దలా గట్టిగా కాకుండా, చిక్కటి జావకూ ముద్దకూ మధ్యలో ఉండాలి. కాల్చే ముందు అరగంట నాననివ్వండి, లేకపోతే తినేటప్పుడు ఇసుక నమిలినట్టుంటుంది. కాల్చాక పూర్తిగా చల్లారేదాకా కోయకండి. నా మొదటి బ్రెడ్‌ను వేడిగానే కోశాను, లోపల జిగురు ముద్ద. రెండోది నీళ్లు చాలక ఇటుక. మూడోదాన్ని ఇంట్లో వాళ్లు తిన్నారు, మెచ్చుకోలేదు గానీ తిన్నారు.

ఒకే పిండితో బ్రెడ్ చేయకండి. ధాన్యపు పిండి రెండు వంతులు, కార్న్‌ఫ్లోర్ లాంటి తెల్లటి గంజిపిండి ఒక వంతు కలిపితే మెత్తదనం వస్తుంది. పులుసు, సాస్ చిక్కబడటానికి ఇంత గొడవ లేదు. ఒక టేబుల్‌స్పూను కార్న్‌ఫ్లోర్‌ను చల్లని నీళ్లలో కలిపి మరుగుతున్న కప్పు ద్రవంలో పోస్తే సరి. వేడిలో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది.

## చక్కెర

ఇక్కడ చెప్పేది తక్కువే. చక్కెర స్థానంలో మరో తీపి వెతకడం మానేయండి. బదులు తీపిపొడులు వాడితే నాలుక పాత తీపినే అడుగుతూ ఉంటుంది, వాటిలో కొన్ని కడుపు ఉబ్బిస్తాయి కూడా. కొన్ని వారాలు ఓపిక పడితే నాలుక మారుతుంది, అప్పుడు క్యారెట్ కూడా తియ్యగా తెలుస్తుంది. టమాటా పులుపు తగ్గించడానికి చక్కెర బదులు తురిమిన క్యారెట్ వేసి మగ్గించండి. మరీ పులుపైతే చిటికెడు వంటసోడా. చిటికెడంటే చిటికెడే, ఎక్కువైతే సబ్బు రుచి.

భోజనం తర్వాత ఏదో కావాలనిపిస్తే, బాగా పండిన అరటిపండు ముక్కలను ఫ్రీజర్‌లో గట్టిపరిచి మిక్సీలో తిప్పండి. ముందు రవ్వలా, తర్వాత ఉన్నట్టుండి ఐస్‌క్రీమ్‌లా మారుతుంది. చెంచా నువ్వుల ముద్ద, చిటికెడు ఉప్పు వేస్తే చాలు. ఖర్జూరం మాత్రం జాగ్రత్త, దాని బరువులో సగానికి పైగా చక్కెరే.

## మూడు భోజనాలు

శనగపిండి అట్టు. ఇద్దరికి. ఒక కప్పు శనగపిండి, ఒక కప్పు నీళ్లు, అర టీస్పూను ఉప్పు, ఒక టేబుల్‌స్పూను నూనె ఉండలు లేకుండా కలిపి అరగంట పక్కన పెట్టండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే ఇంకా మంచిది. సన్నగా తరిగిన ఉల్లి, ఆకుకూర కలపండి. పెనం బాగా కాలాక నూనె వేసి, మరీ పలుచగా కాకుండా పోసి, అంచులు ఎండి పైన తడి పోయేదాకా మధ్యస్థ మంట మీద ఉంచి, తిప్పి ఇంకో రెండు నిమిషాలు. తొందరపడితే పచ్చివాసన పోదు. పక్కన మనిషికి రెండు గుడ్లు గానీ వేయించిన టోఫూ గానీ, పైన నువ్వుల సాస్. ఉదయం తింటే మధ్యాహ్నం దాకా ఆకలి జోలికి పోనక్కర్లేదు.

కాలీఫ్లవర్ తెల్ల కూర. ముగ్గురు నలుగురికి. ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూనెలో మెత్తబడేదాకా వేయించండి. 250 గ్రాముల కాలీఫ్లవర్, నానబెట్టిన అర కప్పు జీడిపప్పు, కప్పున్నర నీళ్లు, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి, గరిట గుచ్చితే చితికేదాకా ఉడికించండి. చల్లారాక నున్నగా తిప్పండి. వేడిగా మిక్సీ మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగురుతుంది, మా గోడకు ఆ మచ్చ ఇంకా ఉంది. వేరే వెడల్పాటి మూకుడులో 250 గ్రాముల పుట్టగొడుగులను ఎర్రగా వేయించి, రెండు కప్పుల ఉడికిన చిక్కుడు గింజలు గానీ 400 గ్రాముల వేయించిన కోడి ముక్కలు గానీ కలిపి, ఈ సాస్ పోసి ఐదు నిమిషాలు ఉంచండి. దించి నిమ్మరసం, మిరియాలు. అన్నంలోకీ దుంపల్లోకీ బాగుంటుంది. ఎర్ర రాజ్మా వాడితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు గలగలా మరిగించి తర్వాత మెత్తగా ఉడికించాలి. సన్నని సెగ మీద సగం ఉడికిన రాజ్మా వాంతులు తెప్పిస్తుంది.

ఒకే ట్రే వంట. ముగ్గురికి. అర కిలో బంగాళాదుంపలు, రెండు క్యారెట్లు, కప్పున్నర ఉడికిన శనగలను ఆరబెట్టి, మూడు టేబుల్‌స్పూన్ల నూనె, ఉప్పు, మీకిష్టమైన మసాలా పట్టించండి. 220 డిగ్రీల ఓవెన్‌లో 35 నుంచి 40 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ. శనగలు కరకరలాడతాయి, దుంపలు లోపల వెన్నలా ఉంటాయి. ఓవెన్ లేకపోతే వెడల్పాటి మూకుడులో రెండు విడతలుగా చేసుకోండి. ఈ పూటలో ప్రోటీను కొంచెం తక్కువ, కాబట్టి గుడ్డో చేపో టోఫూనో తోడు పెట్టండి.

## వారం గడవాలంటే

రోజూ మొదటి నుంచి వండాలంటే పదో రోజుకే విసుగొస్తుంది. సెలవు రోజు రెండు గంటలు పెట్టుకుని ఒక గిన్నె ఉడికిన చిక్కుడు గింజలు, ఒక సీసా నువ్వుల సాస్, మగ్గిన ఉల్లి, అట్టుకు కలిపిన శనగపిండి సిద్ధం చేసుకుంటే మిగతా రోజులు ఇరవై నిమిషాల వంటే. అన్నం మాత్రం రాశి పోసి స్టవ్ మీద వదిలేయకండి. వండిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బతికి ఉండి, గది వేడిలో విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టండి.

పాలు మానేసినవాళ్లు మర్చిపోయేవి కాల్షియం, బి12. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, పొట్టు తీయని నువ్వుల్లో ఇంకా ఎక్కువ. కాల్షియంతో గట్టిపరిచిన టోఫూ, ముళ్లతో సహా తినే చిన్న చేపలు కూడా మంచివే. పాలకూరను నమ్ముకోవద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టుకుని వదలదు. బి12 మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. మాంసం, గుడ్డు తినకుండా పాలు కూడా మానేసినవాళ్లు బి12 కలిపిన ఆహారమో మాత్రలో తప్పకుండా తీసుకోవాలి. దాని లోటు నరాల మీద పడుతుంది, నెమ్మదిగా పడుతుంది కాబట్టి త్వరగా తెలియదు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి.

బయట తినాల్సి వస్తే నేను ముందే రెండు గుడ్లో గుప్పెడు వేయించిన శనగలో తిని వెళ్తాను. అక్కడ ‘గ్లూటెన్ ఉందా’ అని అడిగితే లేదనే జవాబే వస్తుంది. ‘దీన్ని చిక్కబరచడానికి ఏం వేశారు, ఏ నూనెలో వేయించారు’ అని అడిగితే వంట చేసినవాళ్లు నిజంగా ఆలోచించి చెప్తారు.